ఆరు ఫేర్‌వెల్‌లు చూసిన మా బడి ట్రాలీ స్పీకర్

హన్మకొండకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్తాను. 2019 జనవరిలో స్టాఫ్ అందరం తలా కొంత వేసుకొని వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక ట్రాలీ స్పీకర్ కొన్నాం. 8,600 రూపాయలు పడింది. 12 అంగుళాల వూఫర్ (లోతైన శబ్దాలు పలికే స్పీకర్), రెండు కార్డ్‌లెస్ మైకులు, లోపల బ్యాటరీ, కింద చక్రాలు. ప్రార్థనకూ జెండా పండుగలకూ వాడుతున్నాం గానీ, దాన్ని కొన్నది మాత్రం పదో తరగతి ఫేర్‌వెల్ కోసమే. 2025 దాకా ఆరు ఫేర్‌వెల్‌లు దానితోనే జరిపాం. పక్క మండలాల టీచర్లు "ఎట్లుంది, కొనొచ్చా?" అని అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఎందుకు కొన్నామో చెప్పాలి. 2018లో డీజే బాక్సులు కిరాయికి తెచ్చాం. టీచర్ల మీద పిల్లలు పది రోజులు కూర్చుని ఒక స్కిట్ రాసుకున్నారు. పాటలకు పెట్టిన బేస్ (గుమ్ముమనే లోతు శబ్దం) అట్లాగే ఉంచి మైకు ఇస్తే, మాటలన్నీ డబ్బాలో రాళ్లు పోసి కదిపినట్టు వచ్చాయి. ముందు రెండు వరుసలు నవ్వాయి. వెనక కూర్చున్న ఆరో తరగతి పిల్లలు లేచి పంపు దగ్గరికి పోయారు. స్కిట్ రాసిన అబ్బాయి వరండా మెట్ల మీద కూర్చుని, "నవ్వొస్తలేదని గాదు టీచర్, వాళ్లకు వినవడలే" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. అందుకే దుకాణంలో వాళ్లు పాటలు పెట్టి చూపిస్తుంటే ఆపమని, మైకు తీసుకుని ఒక పద్యం చదివి చూశాను. "స్థ", "క్ష", "శ" తేడా తెలిసేలా వినిపించిన దాన్నే తెచ్చాం. మీరూ అట్లాగే కొనండి. వాట్లు ఎన్ని రాసి ఉన్నాయన్నది చూడకండి.

మా దగ్గర ఫేర్‌వెల్ ఏర్పాట్లన్నీ తొమ్మిదో తరగతివి, మాట్లాడేది పదో తరగతి. స్వయం పరిపాలన దినోత్సవం రోజు చీర కట్టి, ప్యాంటు షర్టు వేసి పాఠాలు చెప్పిన పిల్లలే ఇక్కడ మళ్లీ మా వేషాలు కడతారు. అప్పుడు మాకు భయపడి అణచుకున్నదంతా ఇప్పుడు బయటికొస్తుంది. మిమిక్రీ లేకుండా ఒక్క ఏడాదీ గడవలేదు. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన వరంగల్ కదా ఇది. ఆయన పుట్టిన డిసెంబరు 28ని మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటాం. 2001లో పద్మశ్రీ అందుకున్న ఆ కళాకారుడి గురించి ఏటా ఆ రోజు పిల్లలకు చెప్తాను. గొంతు ఒక్కటే మార్చితే మిమిక్రీ కాదు, ఆ మనిషిని ముందు బాగా గమనించాలి అని చెప్తాను. పిల్లలు మమ్మల్ని ఎంతగా గమనిస్తారో ఫేర్‌వెల్ రోజే తెలుస్తుంది.

2023 సభ చెప్తాను. మా లెక్కల సార్‌కు చాక్‌పీసును రెండు ముక్కలు చేసి, ఒకటి జేబులో వేసుకునే అలవాటు. ఆయన వేషం వేసింది క్లాసులో గొంతే లేవని ఒక అమ్మాయి. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అన్నది పక్క బెంచికి కూడా వినపడదు. ఆ అమ్మాయి మైకును గడ్డం కింద పట్టుకుని, దాని పక్కనే చాక్‌పీసు విరిచింది. టక్. ఆ చప్పుడు వేపచెట్టు దాకా వినిపించింది. ఒక్క మాటా అనకముందే గ్రౌండ్ మొత్తం నవ్వింది. ముక్కను జేబులో వేసుకుని, "హోమ్‌వర్క్ మర్శిపోయినవా? పొద్దున అన్నం తినుడు మర్శిపోయినవా మరి?" అని మెల్లగానే అడిగింది. ప్రతి అక్షరం వినిపించింది. మా సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సభ అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి, జేబులో ఉన్న అసలు ముక్కను ఇచ్చారు. ఈ స్పీకర్‌కు నేను మంచి మార్కులు వేసేది ఆ చప్పుడును అంత స్పష్టంగా వినిపించినందుకే.

మాటలకు సెట్టింగులు ఇవి. ఎకో పూర్తిగా తగ్గించండి. ఎకో ఉంటే పిల్లలకు తమ గొంతు గొప్పగా అనిపిస్తుంది, అవతల వినేవాళ్లకు మాత్రం మాట మీద మాట పడుతుంది. బేస్ సగానికి దించి ట్రెబుల్ (సన్నని, పదునైన శబ్దం) కొంచెం పెంచండి. స్పీకర్‌ను పిల్లల వెనక పెడితే మైకు "కుయ్య్" అని కూత పెడుతుంది. అందుకని వాళ్లకంటే నాలుగడుగుల ముందు, పక్కకు పెట్టి, జనం వైపు తిప్పండి. కార్డ్‌లెస్ మైకుల్లో కొత్త సెల్స్ వేసి, ఇంకో జత ఎవరైనా పెద్దమనిషి జేబులో ఉంచండి. మైకు స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాం, టెన్షన్‌లో వేళ్లు తగిలి ఆఫ్ అయిపోతోందని. రెండు మైకులు మార్చుకుంటూ మాట్లాడే సంభాషణలకు ఇది చక్కగా ఉంటుంది. నలుగురైదుగురు ఒకేసారి అరిచే స్కిట్‌కు మాత్రం చాలదు.

డప్పుకూ చాలదు. 2024లో మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా వచ్చింది. సగం క్లాసు జాతరకు పోయింది కాబట్టి ఫేర్‌వెల్‌ను ఆ తర్వాతి వారానికి జరిపాం. పిల్లలు జాతరలోంచే స్కిట్ తెచ్చారు, నిలువెత్తు బంగారం. అక్కడ మనిషి బరువుకు సమానంగా బెల్లం తూచి మొక్కు చెల్లిస్తారు. వీళ్లు ఇటుకల మీద చెక్క వేసి తక్కెడ చేసి, ఒకవైపు సోషల్ సార్ వేషగాణ్ని కూర్చోబెట్టి, రెండోవైపు ఆయన ఏడాదంతా పెట్టిన స్లిప్ టెస్టుల కట్టలు పెట్టారు. ఎన్ని కట్టలు వేసినా ఆ వైపు దిగదు. "ఇంకా తక్కువున్నది! తొమ్మిదోళ్లూ, మిగిలింది వచ్చే ఏడు మీరు రాయాలె!" అని ఒకడు కేకేశాడు. తొమ్మిదో తరగతి వరుసల్లో "వద్దూ" అని ఒకటే గోల. అదే సమయానికి డప్పు మైకుకు దగ్గరగా వచ్చి స్పీకర్ చిరచిరలాడింది. పక్కనున్న మాటలు రెండు పోయాయి. డప్పుకు అసలు మైకే అక్కర్లేదు, దూరంగా నిలబెట్టండి.

ఇక పెద్ద లోపం బ్యాటరీ. 2020 ఫేర్‌వెల్ అయ్యాక దీన్ని ల్యాబ్‌లో పెట్టి తాళం వేశాం. మార్చిలో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లతో ఆగిపోయాయి, జూన్‌లో రద్దయ్యాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు మొదలయ్యాక తీసి చూస్తే లైటు కూడా వెలగలేదు. ఇందులో ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. నెలల తరబడి చార్జింగ్ లేకుండా వదిలేస్తే లోపలి పలకలు పాడైపోతాయి. ఈ సంగతి కంపెనీ పుస్తకంలో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంది. దుకాణంలో ఎవరూ చెప్పలేదు. కొత్త బ్యాటరీకి 1,100 అయింది. ఆ బ్యాచ్‌కు ఫేర్‌వెల్ చేయలేకపోయాం. మార్చిలో బడులు మళ్లీ మూతపడ్డాయి, పరీక్షలూ రద్దయ్యాయి. ఆ పిల్లలు కనపడినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. 2022 బ్యాచ్ మాత్రం టీవీ పాఠాల మీద స్కిట్ వేసింది. యాదగిరి చానెల్‌లో టీచర్ ప్రశ్న అడిగితే పిల్లవాడు లేచి నిలబడి జవాబు చెప్తుంటాడు, ఇంతలో అమ్మ వచ్చి సీరియల్ పెడుతుంది. ఆ రోజు ఊళ్లో కరెంటు పోయినా, కొత్త బ్యాటరీ మీద మూడు గంటలు నడిచింది. 2024 ఎండాకాలం సెలవుల్లో మళ్లీ మర్చిపోయాం, మళ్లీ 1,100.

ఏ స్పీకర్ కొన్నా ఒక పని ముందు చేయండి. స్కిట్ కాగితాలు రెండు రోజుల ముందు తెప్పించుకుని చదవండి. అలవాట్లు, ఊతపదాలు, నడక, ఎంతైనా నవ్వుకోవచ్చు. రంగు, ఒళ్లు, కులం, ఇంటి పరిస్థితి, తప్పిన మార్కులు, వీటి జోలికి పోవద్దని పిల్లలతో కూర్చుని మాట్లాడండి. చెప్తే వింటారు. ఒకసారి చదవకుండా వదిలేశాను. నల్లగా ఉండే ఒక పిల్ల మీద మాట పడింది. స్పష్టంగా వినిపించే స్పీకర్ దాన్ని కూడా అంతే స్పష్టంగా వినిపించింది. ఆ పిల్ల ఆ తర్వాత ఫొటో దిగడానికి రాలేదు. నేను వాళ్లింటికి పోయి మాట్లాడి వచ్చాను.

2025 ఫేర్‌వెల్‌లో పదో తరగతి వాళ్లు పెళ్లి అప్పగింతల్లాగా తొమ్మిదో తరగతికి అప్పగింతల కాగితం చదివారు, అదీ భూమి దస్తావేజు భాషలో. "కడపటి బెంచి ఒకటి. హద్దులు: తూర్పున కిటికీ, పడమర గోడ, ఉత్తరాన హెడ్‌మాస్టర్ గారి చూపు, దక్షిణాన వంటగది వాసన. ఈ రోజు నుంచి సర్వహక్కులతో మీరే అనుభవించగలరు" అని చదువుతుంటే హెడ్‌మాస్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. ఆ తర్వాత మూత లేని నీళ్ల ట్యాంకు, చైను పడిపోయే సైకిల్, ఎండలో నిలబడే ప్రార్థన వరుస, అన్నీ అప్పగించారు. చిట్టచివర నాకు చెప్పకుండా రాసుకున్నది ఒకటుంది. "స్పీకర్ చార్జర్ ఒకటి. నెలకు ఒకసారి, సెలవుల్లో కూడా, రాత్రంతా పెట్టవలెను. పెట్టనిచో వచ్చే ఏడు మీ జోకులు మీకే వినపడును."

ఆ కాగితాన్ని తొమ్మిదో తరగతి వాళ్లు ల్యాబ్ బీరువా తలుపు లోపలివైపు అంటించారు. కింద నెలల పేర్లు రాసి, వాచ్‌మన్ ఇంటి దగ్గరున్న ఇద్దరు పిల్లల పేర్లు పెట్టుకున్నారు. మే, జూన్ గడుల్లో రెండు టిక్కులు పడి ఉన్నాయి. బడి తెరిచిన రోజు స్పీకర్ ఆన్ చేస్తే లైటు వెలిగింది.