ఒంటరి వ్యక్తులకు రూములు ఇవ్వబడవు

అరవై మూడేళ్ల ఆడమనిషి ఒక్కతే అహోబిలం కొండెక్కుతానంటే జాగ్రత్తలు చెప్పేవాళ్లకు కొదవుండదు. ఎలుగుబంట్లున్నాయన్నారు, కోతులు సంచి లాక్కుపోతాయన్నారు, మోకాళ్లు చూసుకోమన్నారు. లాడ్జి కౌంటర్ల సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను కాబట్టి లాడ్జి గోల కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది ప్రొద్దుటూరు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరి ఆర్డీలు, పింఛన్లు చూసి రిటైరయ్యాను. ఇన్నేళ్లూ యాత్ర అంటే బంధువుల గుంపు, ఒక టెంపో, ఎవరికి చక్కెర లేని కాఫీ, ఎవరికి ఉల్లిపాయ పనికిరాదు అన్న లెక్క. ఈసారి ఎవరినీ పిలవలేదు. మా ఆయనను మాటవరసకు అడిగితే "ఆ రాళ్లూ రప్పలూ నాకెందుకు, టీవీలో చూస్తాలే" అన్నాడు. బయలుదేరే పొద్దున మాత్రం మొహం ముడుచుకుని గేటు దాకా వచ్చాడు. బస్సు ఊరు దాటిందో లేదో ఫోను: మెంతుల డబ్బా ఎక్కడ?

ముందు గండికోటలో ఒక రాత్రి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా, ఆధార్ చూపించి జమ్మలమడుగు చేరాను. అక్కడి నుంచి గండికోటకు ఆటో 300. లోయ గట్టున టెంటుకు రాత్రి భోజనం, పొద్దున టీతో కలిపి 900. టెంటు కుర్రాళ్లు ఆధార్ ఫొటో తీసుకుని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "వెజ్జా, నాన్‌వెజ్జా ఆంటీ?" ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పక్క టెంట్ల పిల్లలు స్పీకరు మోత మోగిస్తుంటే పోయి చెప్పాను, తగ్గించారు. శనివారం పోతే అలా తగ్గించరట, వారం మధ్యలో పోండి. తెల్లవారుజామున పెన్నా లోయ మీద వెలుగు పడేది చూడటానికి ఆ 900 తక్కువే. గట్టున చాలాచోట్ల కంచె లేదు, చీకట్లో అంచుకు పోవద్దు. కోటలో మాధవరాయుడి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా తిరిగేసరికి ఎండ నెత్తికెక్కింది.

అహోబిలం పోవాలంటే మళ్లీ ప్రొద్దుటూరు మీదుగానే. మా వీధి మలుపు కనిపించింది, దిగలేదు. దిగితే మెంతులు వెతకాల్సి వస్తుంది. మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ బస్టాండు బయట ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు 40 రూపాయలు. బొరుగులు సరిగ్గా నానాయి, ముద్ద కాలేదు, పైన పుట్నాల పొడి ధారాళంగా చల్లాడు. ఈ పక్కకు పోయినవాళ్లు హోటల్లో ఇడ్లీ తిని వస్తే నేనేమీ చేయలేను.

దిగువ అహోబిలంలో బస్సు దిగేటప్పటికి సాయంత్రం. (2022లో నంద్యాల జిల్లా అయింది గానీ మా నోట ఇంకా కర్నూలు జిల్లానే.) మొదటి లాడ్జిలో కౌంటరు పిల్లోడు నా ఆధార్ అటూ ఇటూ తిప్పి "ఎంతమంది మేడం?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. తలెత్తకుండానే వేలితో వెనక గోడ చూపించాడు. లామినేషన్ చేసిన కాగితం, "ఒంటరి వ్యక్తులకు రూములు ఇవ్వబడవు." తాళాలు తగిలించే బోర్డు మీద తాళాలు వరసగా వేలాడుతున్నాయి, సగానికి పైగా. "ఖాళీలున్నాయి కదా నాయనా" అంటే "రూల్ మేడం" అన్నాడు. అక్కడి నుంచి ఒక సత్రానికి పోయాను. వాళ్లది ఇంకా మర్యాద: "కుటుంబాలకు మాత్రమే అమ్మా, ఏమనుకోవద్దు." నాకు కుటుంబం ఉంది, ఇంట్లో మెంతులు వెతుక్కుంటున్నాడు, అని నోటిదాకా వచ్చింది.

సంచి పక్కన పెట్టుకుని టీ అంగట్లో కూర్చుంటే, టీ పోసేవాడు అడక్కుండానే చెప్పాడు. "ఒక్కరొచ్చి రూములో ఏమన్నా చేసుకున్యారంటే ఓనరు స్టేషన్ చుట్టూ తిరగల్ల పెద్దమ్మా. అదీ వాళ్ల భయం." ఆ భయం నాకు అర్థం కాకపోలేదు. క్షేత్రాలకు ఏడుస్తూ వచ్చేవాళ్లూ ఉంటారు. కానీ అలాంటి మనిషి వస్తే ఒక గ్లాసు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఎవరికైనా కబురు పెట్టాలి గానీ, చీకటి పడే వేళ బయటికి పంపేస్తే ఏం లాభం? ఇక భుజాన సంచి, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకుని, కొండ కొసనున్న ఉగ్రస్తంభానికి గైడు ఎంత తీసుకుంటాడని అడుగుతున్న మనిషి చావడానికి వచ్చిందా, ఎక్కడానికి వచ్చిందా అన్నది చూస్తే తెలియదా?

మూడోచోట మేనేజరు కాస్త పెద్దవాడు. "సార్ రాలేదా?" అన్నాడు. సార్ ఇంట్లో ఉన్నాడన్నాను. "అయితే సార్‌తో ఒక మాట మాట్లాడించండి, ఇస్తాం." ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల డబ్బుకు నేను సంతకం పెట్టాను, నా నిద్రకు మా ఆయన పూచీకత్తు కావాలట. వద్దు పొమ్మని లేచేదాన్నే, బయట చలి, ఇంకో మూడు కిలోమీటర్లు నడిచే ఓపిక లేదు. ఫోను చేసి ఇచ్చాను. స్పీకరు పెట్టాడు. మా ఆయన గొంతు హాలంతా వినిపించింది. "ఆమె ఒకరు చెప్తే వినే రకం కాదబ్బా, రూమిచ్చెయ్. ఇవ్వకపోతే నీతోనే రాత్రంతా వాదిస్తాది." మేనేజరు నవ్వాడు. నేను నవ్వలేదు. మా ఆయనకు ఆ రాత్రి గుడ్‌నైట్ కూడా చెప్పలేదు.

అంతటితో అయిందా? రిజిస్టరు నా వైపు తిప్పాడు, సంతకానికి. పేరు గడిలో మా ఆయన పేరు రాసి, కింద చిన్నక్షరాలతో "వైఫ్" అని పెట్టాడు. రిజిస్టర్లతో బతికినదాన్ని, నాకు అది కనపడకుండా పోదు. కొట్టేయించి, నా పేరు రాయించి, దిద్దినచోట వాళ్ల చేత పొట్టి సంతకం పెట్టించాను. అద్దె ఇద్దరి రేటే, రోజుకు 1,400. ఒక్కరికి ఇవ్వనన్నవాళ్లు ఇద్దరి డబ్బులు ఎలా తీసుకుంటారో అడిగాను, "రూము రూమే కదా మేడం" అన్నాడు. రూములో దుప్పటి శుభ్రం, కిటికీకి కోతుల జాలీ గట్టిది, గీజరు పనిచేసింది. బాత్రూములో బకెట్టు ఉంది, మగ్గు లేదు. రెండుసార్లు అడిగితే రాత్రి తొమ్మిదికి తెచ్చారు, పిడి విరిగింది.

మర్నాడు ఇక్కడి తొమ్మిది నరసింహ ఆలయాల్లో యోగానంద, ఛత్రవట, భార్గవ, కారంజ నరసింహుల దర్శనం ఆటోలో, 600, హాయిగా అయిపోయింది. పావన నరసింహుడికి షేర్ జీపు 500, నడుము గుల్ల, స్వామి మాత్రం ప్రశాంతం.

ఇక కొండ. దిగువ నుంచి ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు, షేర్ ఆటో 40. అక్కడ కట్టె 20 రూపాయలు, తీసుకోండి. డోలీవాళ్లు నన్ను చూడగానే చుట్టుముట్టారు, జ్వాలా నరసింహుడి దాకా 4,000 అన్నారు. వద్దంటే ఒకాయన "ఎక్కలేవవ్వా" అన్నాడు. అవ్వా అన్నందుకు కోపమొచ్చింది గానీ ఆయన భుజం చూశాక పోయింది: బొంగు ఆనేచోట చర్మం నల్లగా, గట్టిగా, అరచేయంత కాయ కాచింది. నిజంగా నడవలేనివాళ్లు బేరం చేయకుండా ఎక్కండి, ఆ డబ్బు ఎక్కువ కాదు.

నేను 1,000 రూపాయలకు ఒక చెంచు కుర్రాణ్ని గైడుగా తీసుకున్నాను. ఒంటరి యాత్ర అని చెప్పి గైడేమిటి అనేవాళ్లుంటారు. భవనాశిని ఏటి వెంట జ్వాలా నరసింహుడి దాకా మెట్లూ దారీ ఉన్నాయి, ఎవరైనా పోవచ్చు. ఉగ్రస్తంభానికి మళ్లాక దారి అనేది లేదు, బండలే దారి. ఫోను సిగ్నలు ఉండదు. ఇంట్లోవాళ్లు లేకుండా పోవడం ఒంటరితనం, తెలిసినవాడు లేకుండా పోవడం పొగరు.

క్రోడ నరసింహుడు దాటాక కొండ రెండు పక్కలా దగ్గరికొచ్చేస్తుంది. జ్వాలా నరసింహుడి దగ్గర పైనుంచి నీళ్లు సన్నగా పడుతున్నాయి, కింద బండలు పాకుడు పట్టి ఉన్నాయి. హిరణ్యకశిపుణ్ని చీల్చాక స్వామి చేతులు కడుక్కున్నాడనే రక్తకుండం అక్కడే. అక్కడి నుంచి మలుపు తిరిగితే అసలు పని. "కట్టె ఇటియ్యి పెద్దమ్మా, ఇంగ చేతుల్తోనే" అన్నాడు పిల్లోడు. నిజమే, పైన కట్టె అడ్డం. ఒక చెయ్యి వేరు మీద, ఒక చెయ్యి బండ మీద, కాలు ఎక్కడ పెట్టాలో వాడు ముందు పెట్టి చూపించడం. వాడు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు, "ఇంకొంచెమే" అని అబద్ధమూ చెప్పలేదు. ఎంత దూరమని అడిగితే "ఇంగా శానా ఉంది, నీళ్లు తాగు" అన్నాడు. ఆ మాటకే వాడికి 200 ఎక్కువిచ్చాను.

పైన స్తంభంలా నిలబడ్డ కొండ చీలిక, కాషాయ జెండా, స్వామి పాదాలు. నల్లమల ఎటు చూసినా అయిపోలేదు. నాకంటే ముందు ఎక్కిన నంద్యాల కాలేజీ పిల్లలు నా వయసు అడిగి, ఫొటో దిగి, నా చేతిలో చిక్కీ పెట్టారు. ఎక్కడం ఊపిరి పని, దిగడం మోకాళ్ల పని. దిగేటప్పుడు ఎక్కువ టైము పెట్టుకోండి, మాలోల నరసింహుణ్ని, ప్రహ్లాద బడిని ఆ దారిలోనే చూడాలి, చీకటి పడకముందే కిందికి వచ్చేయాలి. కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుంటే కోతి తీసుకుపోవడం ఖాయం.

కింద ఒక రేకుల పంచలో జొన్నరొట్టె కాలుస్తున్న ఆమె దగ్గర కూలబడ్డాను. రెండు రొట్టెలు, వంకాయ కూర, బుడ్డల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, 80 రూపాయలు. రొట్టె చేత్తోనే తట్టి, పెనం మీద తడిగుడ్డతో అద్ది, ఒక్క పొంగు పొంగించి నేరుగా నా ఆకులో వేసింది. "ఒగదానివే ఉగ్రస్తంభం ఎక్కినావా? నీ ధైర్యం పాడుగాను!" అని మూడో రొట్టె డబ్బుల్లేకుండా వేసింది. ఆమె కూడా నా వెంట ఎవరొచ్చారని అడిగింది, కానీ వాళ్లకూ రొట్టె కాల్చాలేమోనని.

రూము ఖాళీ చేసేటప్పుడు రెండు రాత్రులకు 2,800 కట్టాను, యాత్ర మొత్తంలో పెద్ద ఖర్చు అదే. "మళ్లీ రండి మేడం, ఈసారి సార్‌ను కూడా తీసుకురండి" అన్నాడు మేనేజరు. ఒంటరిగా పోయేవాళ్లు ముందే ఫోను చేసి "రూమున్నాయా" అని కాదు, "ఒక్కదానికి ఇస్తారా, ఒక్కరి రేటెంత" అని అడగండి. సాయంత్రం కాకుండా పొద్దున చేరండి, నాలుగు చోట్ల తిరిగే వెసులుబాటు ఉంటుంది.

శివరాత్రి రద్దీ తగ్గాక సిద్ధవటం పక్క లంకమల అడవిలో నిత్యపూజకోనకు పోవాలని ఉంది. మా ఆయన "నేనూ వస్తా" అంటున్నాడు, ఇంకా ఏమీ చెప్పలేదు. ఒంటి మనిషికి కుటుంబ చరిత్ర అడక్కుండా రూమిచ్చే లాడ్జి కడపలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అద్దె వెయ్యి దాటకూడదు, మగ్గుకు పిడి ఉండాలి.