75 లీటర్ల రీఫ్ ట్యాంకులో ఏళ్ల తరబడి వాడిన ఫిల్టర్ మీడియా

హైదరాబాద్‌లో మా ఇంట్లో 75 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఉంది. అందులో క్లౌన్ చేపల జంట, ఒక గోబీ చేప, పగడాల్లో జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. వెనకున్న ఫిల్టర్ గదుల్లోకి ఇన్నేళ్లలో రకరకాల మీడియా, అంటే నీళ్లను శుభ్రం చేయడానికి వేసే పదార్థాలు, వచ్చి పోయాయి. వాటిలో ఏవి ఉంచుకున్నానో, ఏవి తీసేశానో చెబుతాను.

మంచి లైవ్ రాక్ (బ్యాక్టీరియాతో నిండిన సముద్రపు రాయి) ఉంటే వేరే బయో మీడియా (బ్యాక్టీరియా కాపురముండే ఫిల్టర్ పదార్థం) దండగ అని విదేశీ హాబీదారులు అంటుంటారు. వాళ్ల దగ్గర అది నిజమే. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి పెకలించి తెచ్చిన పగడపు రాయి ఎవరైనా అమ్మజూపితే కొనకండి, అది నేరం. అందుకే మనం డ్రై రాక్‌తో, అంటే జీవం లేని ఎండు రాయితో, మొదలుపెట్టాలి. అందులో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఆ లోటు తీర్చడానికే మనకు బయో మీడియా కావాలి.

నేను ఉంచుకున్నది సీకెమ్ మ్యాట్రిక్స్. ఇవి ప్యూమిస్ రాయి ముక్కలు. పైభాగంలో ఉండే బ్యాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో నైట్రేట్ కూడా కొంత తగ్గుతుందంటారు గానీ, ఇంత చిన్న ట్యాంకులో దాని మీదే ఆధారపడకండి. వారం వారం పదో వంతు నీళ్లు మార్చడం తప్పదు. మామూలు సెరామిక్ రింగులు కూడా పనిచేస్తాయి. కాకపోతే వాటి మధ్య చెత్త ఇరుక్కుని కుళ్లి, అదే నైట్రేట్‌గా మారుతుంది. ఏది వాడినా కుళాయి నీళ్లలో కడగకూడదు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంక్ నీళ్లలోనే జాడించాలి.

అన్నింటికన్నా నాకు విలువైనది అతి చవకైన ఫిల్టర్ దూది. పెట్టిన రెండో రోజుకే పై పొర గోధుమ రంగుకు తిరిగి, చేపలకు మేతగా వేసే మైసిస్ రొయ్యల తునకలు, ఇసక పొడి అతుక్కుని కనిపిస్తాయి. అవి కుళ్లకముందే తీసి పారేస్తే నైట్రేట్ పుట్టే అవకాశమే తగ్గుతుంది. రెండు మూడు రోజులకోసారి మార్చాలి. వారం దాకా ఉంచేటట్టయితే అసలు పెట్టకపోవడమే నయం.

కార్బన్ (నీళ్లలోని రసాయనాలను పీల్చే యాక్టివేటెడ్ బొగ్గు) విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. చిన్న ట్యాంకులో లెదర్ కోరల్, జోవాంథిడ్లు పక్కపక్కనే ఉంటే లెదర్ వదిలే రసాయనాలు మిగతావాటిని ముడుచుకుపోయేలా చేస్తాయి. కొత్త కార్బన్ వేసిన మర్నాటికి జోవాలు పూర్తిగా విచ్చుకోవడం ఎన్నోసార్లు చూశాను. నల్ల పొడి పోయేదాకా కడిగి, చిన్న సంచిలో వేసి, నెలకోసారి మారుస్తాను.

నీళ్లలోని సేంద్రియ వ్యర్థాలను పీల్చే ప్యూరిజెన్ ఖరీదు, కానీ గిట్టుబాటే. బొంబాయి రవ్వలా తెల్లగా ఉండే పూసలు నెమ్మదిగా ముదురు గోధుమ రంగుకు వస్తాయి. అప్పుడు సువాసన, సబ్బు కలపని బ్లీచ్‌ను అంతే నీళ్లతో కలిపి ఒక రోజు నానబెడితే మళ్లీ తెల్లబడతాయి. తర్వాత బాగా కడిగి, డీక్లోరినేటర్‌లో నానబెట్టి, బ్లీచ్ వాసన ఏమాత్రం లేదని తేలాకే ట్యాంకులో వేయాలి.

జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) మాత్రం ఇప్పుడు నా ట్యాంకులో లేదు. ఫాస్ఫేట్‌ను అది బాగానే లాగుతుంది. చిన్న ట్యాంకులో మరీ వేగంగా లాగడమే ఇబ్బంది. ఫాస్ఫేట్ సున్నాకు పడితే పగడాలు పాలిపోతాయి, జిగట పొరలా పట్టే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. టెస్ట్ కిట్‌లో 0.1 పీపీఎం దాటి నిలబడితేనే వాడండి, అదీ సగం మోతాదుతో.

కరెంటు పోయే ఇళ్లలో క్యానిస్టర్ ఫిల్టర్ వద్దంటాను. మూసిన డబ్బాలో గంటల తరబడి నీరు కదలకపోతే ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది, కరెంటు రాగానే ఆ మురుగంతా ట్యాంకులోకి వస్తుంది. తెరిచి ఉన్న వెనక గదులు, ఇన్వర్టర్ మీద ఒక చిన్న పంపు ఉంటే ఈ బెంగ ఉండదు.

డబ్బు తక్కువుంటే ముందు డీఐ రెజిన్ (నీళ్లలో మిగిలిన లవణాలను లాగేసే పూసలు) కొనండి. ఇంట్లో తాగునీటి ఆర్ఓలో టీడీఎస్ కంట్రోలర్ శుద్ధి కాని నీళ్లను కొంత కలుపుతుంది, మినరల్ కార్ట్రిడ్జ్ లవణాలను తిరిగి చేరుస్తుంది. ఆ రెండూ దాటి వచ్చిన నీళ్లతో ఉప్పు కలిపితే ఇసక మీద డయాటమ్ అనే సూక్ష్మ నాచు గోధుమ రంగు పొరలా పట్టి వదలదు. దానికి కారణం నీళ్లలోని సిలికేట్. నేను ఆ రెండింటికీ ముందే నీళ్లు మళ్లించి, రెజిన్ గుండా పట్టుకుంటాను. టీడీఎస్ మీటర్ సున్నా దాటి 1 చూపించిందంటే రెజిన్ మార్చేస్తాను.