కోనసీమ కళాభవనం: గదులు, గంటలు, రిజిస్టరు

కాలవ గట్టున ఉన్న ఈ కళాభవనంలో ఒక పెద్ద హాలు, వెనక రెండు గదులు, ఒక వరండా. కూచిపూడి, మృదంగం, వీణ, బొమ్మల క్లాసు, పద్యనాటకం రిహార్సళ్ళు అన్నీ ఇందులోనే. ఇంత తక్కువ చోట ఇన్ని నడుస్తున్నాయంటే ఆఫీసు బల్ల మీది పొడుగాటి రిజిస్టరు చలవే.

పేజీకో వారం. అడిగిన స్లాటు ముందు పెన్సిల్‌తో రాస్తారు, సగం అడ్వాన్సు కట్టాక సిరాతో దిద్దుతారు. పెన్సిల్ రాత మూడు రోజులే నిలుస్తుంది. వాట్సాప్‌లో అడిగి ఊరుకుంటే స్లాటు దక్కదు, రిజిస్టరులో ఉన్నదే లెక్క. ఇది కచ్చితంగా మంచి పద్ధతి. రెండు చోట్ల రాసుకునే దగ్గరే ఒకే గంట ఇద్దరికి ఇచ్చేస్తుంటారు.

స్లాటు గంటన్నర, దాని వెనక పావుగంట ఖాళీ. మాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పావుగంటే. మృదంగం క్లాసు అయ్యాక తొప్పికి (మృదంగం ఎడమవైపు ముఖానికి) పెట్టిన బొంబాయిరవ్వ ముద్ద గోకి తీస్తారు కదా, ఆ ముక్కలు నేల మీద రాలతాయి. తడిగా ఉండగా గుడ్డతో ఒక్క తుడుపుకి పోతాయి. ఎండితే ఇసకరేణువుల్లా గట్టిపడి, తరవాత వట్టికాళ్ళతో జతులు వేసే పిల్లల అరికాళ్ళలో గుచ్చుకుంటాయి. చీమలు సరేసరి. అందుకే ఇక్కడ మృదంగం వాళ్ళకి చీపురు బదులు తడిగుడ్డ, ముద్ద వేయడానికి గుమ్మం పక్కన మూతడబ్బా ఇస్తారు. "తుడిచాక సంతకం పెట్టండీ" అని ఆఫీసాయన మరీ మరీ చెబుతారు. ఈ పని లోతు ఎరిగినవాళ్ళే ఇలాంటి ఏర్పాటు చేయగలరు.

వానాకాలంలో ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గాలిలో తేమకి తోలు సాగి మృదంగం శ్రుతి దిగిపోతుంది, మళ్ళీ రాయితో కొట్టి ఎక్కించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ముందు వాళ్ళ పావుగంటలో దూరకండి, అది వాళ్ళు సర్దుకునే సమయం. వరండాలో శ్రుతి చేసుకుని లోపలికి వెళ్ళండి.

వెనక గదుల మధ్య గోడ వట్టి ప్లైవుడ్డే. మామూలు రోజుల్లో వీణ పక్కన బొమ్మల క్లాసు వేసి జాగ్రత్తగా నడుపుతున్నారు. ఆదివారం పొద్దున్న మాత్రం వీణ పక్కనే నాటకం వాళ్ళని పెడతారు. హార్మోనియం మీద పద్యం ఎత్తుకుంటే అవతల తీగ మోత వాయించేవాళ్ళకే వినపడదు. నాటకం వాళ్ళ ఆ ఒక్క స్లాటు హాలుకి మారిస్తే సరిపోతుంది.

హాలు నేల సిమెంటు మీద టైల్సు. చూపుకి బాగుంటుంది గానీ గట్టిగా అడుగు వేస్తే దెబ్బంతా మడమలకీ మోకాళ్ళకీ వస్తుంది. చెక్కనేల మేలు, కానీ ఈ తేమలో కింద గాలి ఆడే ఖాళీ, చెదలమందు లేకపోతే నాలుగు వానాకాలాలు కూడా ఆగదు. టైల్సు మీద పలచటి చాపలు వేస్తే జారతాయి, వేయకండి. తరంగం (కూచిపూడిలో పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే అంశం) చేయించేవాళ్ళు ఇత్తడి పళ్ళెం కింద వేసుకోవడానికి ప్లైవుడ్ పలక తెచ్చుకోవాలి, లేకపోతే పళ్ళెం అంచు టైల్సుని గీరేస్తుంది.

తైలవర్ణాలు వేసేవాళ్ళకి ఈ చోటు సరిపడదు. బొమ్మ ఆరడానికి రోజులు పడుతుంది, ముసురు పట్టిందంటే ఇంకా ఎక్కువ, గదేమో గంటన్నరలో ఖాళీ చేయాలి. నీటిరంగులు, యాక్రిలిక్ అయితే హాయిగా వేసుకోవచ్చు. సామాను గదిలో అరలు లేవు. కాన్వాసు గోడకి ఆనించి వదిలితే చెమ్మకి బూజు పడుతుంది, జానెడు దూరంలో బల్ల మీద పెట్టండి.

అసలు లోపం పెళ్ళిళ్ళ దగ్గర. ముహూర్తాల రోజుల్లో హాలు పెళ్ళివారికి ఇస్తారు. దాని అద్దె మీదే కరెంటు బిల్లు గడుస్తుంది కాబట్టి తప్పు పట్టలేం. కానీ క్లాసుల వాళ్ళకి రెండు రోజుల ముందు చెప్పడం అన్యాయం. ఉగాదికే పంచాంగం వస్తుంది, ఏడాది ముహూర్తాలన్నీ అందులోనే ఉంటాయి. ఆ రోజే కూర్చుని రిజిస్టరులో ఎర్రసిరాతో గుర్తులు పెట్టేస్తే, మాస్టార్లు తల్లిదండ్రులకి ముందే చెప్పుకుంటారు. ఈ మాట కమిటీ చెవిన వేశాం, ఇంకా అమలు కాలేదు.

నాటకం వాళ్ళు సంక్రాంతి ముందు హాలు కోసం ఎగబడే కన్నా, పెద్ద రిహార్సళ్ళు ఆషాఢంలో, మూఢాల్లో పెట్టుకోండి. అప్పుడు పెళ్ళిళ్ళుండవు, వరసగా రెండు స్లాట్లు అడిగినా ఇస్తారు. మైకు అక్కర్లేకపోతే ముందే చెప్పండి, దాని అద్దె తగ్గిస్తారు.