మందుల బండి వెంట తిరిగిన పాటల కోసం: మెంఫిస్, క్లార్క్స్‌డేల్‌లో నాలుగు రోజులు

మా ఊరి సంతలో తైలం అమ్మే ఆయన ఒకాయన ఉండేవాడు. వస్తూనే సీసాలు బయటపెట్టేవాడు కాదు. హార్మోనియం ముందేసుకుని పాట ఎత్తుకునేవాడు. జనం మూగాకే మూట విప్పేవాడు. అమెరికా దక్షిణాది ఊళ్ళలోనూ ఇలాంటి వ్యాపారమే నడిచిందని, మెడిసిన్ షో అనే ఆ బేరం వెంట తిరిగి నల్లవాళ్ళ కష్టసుఖాల పాటలైన బ్లూస్ పాడే గొప్ప గాయకులు తయారయ్యారని తెలిసినప్పటి నుంచీ అటు వెళ్ళాలని నా కోరిక. మొన్న అక్టోబర్‌లో కుదిరింది. డల్లాస్ నుంచి టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు కారులో ఏడు గంటలు. తోడు మా బావమరిది, దారికి రెండు డబ్బాల పులిహోర.

ఆ షోకి టికెట్ ఉండేది కాదు. ఊరి చివర బండి ఆపి, చిన్న వేదిక వేసి, బాంజో అనే తీగ వాయిద్యంతో పాట, ఆట, హాస్యం. జనం బాగా చేరాక 'డాక్టర్' గారు వచ్చి టానిక్కులు, సబ్బులు అమ్మేవాడు. అమ్మకం మందగించగానే మళ్ళీ పాట. చాలా టానిక్కుల్లో ఉండేది సారాయే. 1906 చట్టం వచ్చాక ఆ సంగతి సీసా మీద రాయాల్సి వచ్చింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఇద్దరూ నిలబడి వినాలి కాబట్టి ఆ గాయకుడికి బ్లూస్ ఒక్కటే వస్తే సరిపోదు. పాత కథాగేయాలు, భక్తి పాటలు, ర్యాగ్‌టైమ్ అనే హుషారు తాళపు పాటలు, నవ్వించే పాటలు అన్నీ రావాలి. నల్లవాళ్ళు కూడా మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళనే వెక్కిరించే వేషాలు కట్టాల్సి వచ్చేది. ఆ బాధ తెలుసుకున్నాకే ఆ పాటలు వినాలని నా అభిప్రాయం.

మెంఫిస్‌లో అందరూ బీల్ స్ట్రీట్‌కే పంపిస్తారు. ఒక సాయంత్రం చాలు. నియాన్ లైట్లు, చెవులు పగిలే బ్యాండ్లు. సరదాగానే ఉంటుంది గానీ మనం వెతికే ఒంటి గిటార్ అక్కడ వినబడదు. నాకు స్టాక్స్ మ్యూజియమే ఎక్కువ నచ్చింది. సోల్ అనే నల్లవాళ్ళ సంగీతానికి పేరుపడ్డ స్టాక్స్ రికార్డుల కంపెనీయే 1963లో గస్ కానన్ చేత ఆల్బమ్ చేయించింది. ఏళ్ళ తరబడి మెడిసిన్ షోల వెంట తిరిగిన మనిషి ఆయన. మెడకు తగిలించుకున్న కూజాలోకి ఊదుతూ చేతులతో బాంజో వాయించేవాడు. ఆయన 1929లో రికార్డు చేసిన పాటను 1963లో వేరే బృందం పాడితే దేశంలో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్ళు.

మర్నాడు పొద్దున్నే హాలీవుడ్ స్మశానానికి వెళ్ళాం. టూర్ బస్సులు రావు, బోర్డులూ పెద్దగా లేవు. ఫర్రీ లూయిస్ సమాధి దొరకడానికి అరగంట పట్టింది. రైలు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి. మెడిసిన్ షోలలో పాడాడు, 1920లలో రికార్డులిచ్చాడు. అయినా ఇల్లు గడవక 1922 నుంచి 1966 దాకా మెంఫిస్ వీధులు ఊడ్చాడు. ఆయన తల దగ్గర రెండు రాళ్ళున్నాయి. ఒకటి మామూలుది, రెండోది తర్వాత అభిమానులు చందాలేసుకుని పెట్టించిన పెద్దది. చిన్న రాయి అంచున గడ్డిలో ఎవరో వదిలిన గిటార్ పిక్కు, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళ ఒకటి, మంచుకి తడిసి మెరుస్తోంది. మా బావమరిదికి ఈ సంగీతం అంతగా పట్టదు. వాడే వంగి రాయి మీద ఆకులు తుడిచాడు. మొత్తం ట్రిప్‌లో నాకు మిగిలింది ఈ అరగంటే.

బస విషయం. మెంఫిస్ డౌన్‌టౌన్‌లో గది రేటుతో పాటు పార్కింగ్‌కి విడిగా కట్టాలి, ముందే లెక్క వేసుకోండి. తర్వాత మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్ అనే చిన్న ఊరికి వెళ్ళాం. అక్కడ మేం దిగిన హైవే మోటెల్‌లో ఏసీ పనిచేయలేదు. గది మార్చమంటే రాత్రి 11 దాకా తిప్పారు, ఆ టెన్షన్‌లో ఒక షో పోయింది. రెండో రాత్రి ఊళ్ళోనే ఒక పాత కొట్టు మీద గది తీసుకున్నాం. కాస్త ఖరీదే, కానీ అన్నిచోట్లకీ నడిచి వెళ్ళొచ్చు. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1937లో కన్నుమూసిన ఆసుపత్రి తర్వాత రివర్‌సైడ్ హోటల్ అయింది. అందులో ఉండాలని నాకు ఆశ ఉండేది గానీ 2020 గాలివానకు దెబ్బతిని మూతపడింది, బయటి నుంచే చూశాం. ఏప్రిల్‌లో జూక్ జాయింట్ ఫెస్టివల్ అనే సంగీత ఉత్సవం అప్పుడు వెళ్ళేవాళ్ళు గది నెలల ముందే పట్టుకోవాలి. శాకాహారులకు తిండి కష్టమే. పులిహోర లేకపోతే రెండు పూటలు ఫ్రెంచ్ ఫ్రైస్‌తో గడిచేవి.

క్లార్క్స్‌డేల్‌లో పాత రైల్వే గూడ్స్ డిపోలో ఉన్న డెల్టా బ్లూస్ మ్యూజియంకి రెండు గంటలైనా ఇవ్వండి. స్టోవాల్ పత్తి తోటలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క ఇల్లు లోపలే నిలబెట్టి ఉంది. 1941లో ఆ తోటకే వచ్చి ఆయన పాటలు రికార్డు చేశారు. ఆ దూలాల పక్కన నిలబడితే పత్తి కూలీకి ఎంత చోటు దక్కిందో అర్థమవుతుంది. బ్లూస్ కథల్లో పేరుపడ్డ 61, 49 హైవేల కూడలిలో గిటార్ బొమ్మల దగ్గర ఫొటోకి ఐదు నిమిషాలు చాలు.

ఆఖరి సాయంత్రం ఒక కొట్టు ముందు ముసలాయన ఒకాయన కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాడు. బొటనవేలు మందపు తీగ మీద గడియారంలా కొడుతోంది, చిటికెన వేలికి తొడిగిన సీసా మెడ సన్న తీగల మీద జారుతోంది. మూడు పాటలయ్యేసరికి పదిహేను మంది చేరారు. అప్పుడు గిటార్ పక్కన పెట్టి, కాళ్ళ దగ్గరి అట్టపెట్టె తెరిచి సీడీలు తీశాడు.

"బావా, మీ సంతలో తైలం ఆయన కూడా ఇంతేనా?" అన్నాడు మా బావమరిది, పర్సు తీస్తూ. రెండు కొన్నాం, ఒక్కోటి 10 డాలర్లు. ఆయన డబ్బు జేబులో పెట్టుకుని మళ్ళీ గిటార్ అందుకున్నాడు.