పండుగాడి లైసెన్సు: ఆరేళ్ల అనుభవం

"కుక్కకు లైసెన్సేంట్రా, అదేమన్నా స్కూటర్ నడుపుతుందా?" అంది మా అమ్మ, తెనాలి నుంచి ఫోన్లో. అప్పటికి నాకూ అంతకంటే ఎక్కువ తెలీదు. మేముండేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కింగ్ కౌంటీలోని సమామిష్‌లో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఇక్కడ ఎనిమిది వారాలు దాటిన కుక్కకూ, ఆ మాటకొస్తే పిల్లికీ, కౌంటీ లైసెన్సు ఉండాలి. సియాటిల్ నగరంలో ఉండేవాళ్లకు అది వేరే, నగరమే ఇస్తుంది. కాబట్టి కట్టేముందు మీ అడ్రసు ఎవరి కిందకొస్తుందో చూసుకోండి.

మొదట్లో నేను పట్టించుకోలేదు. ఒక శనివారం కౌంటీ తరఫున ఒకావిడ తలుపు తట్టింది. "మీ ఇంట్లో పెంపుడు జంతువులు..." అని ఆవిడ అడగడం పూర్తయ్యేలోపే లోపల్నించి పండుగాడు మొరిగి సాక్ష్యం చెప్పేశాడు. ఆ సాయంత్రమే ఆన్‌లైన్లో కట్టేశాను.

నేను కట్టిన లెక్క ఇదీ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకు ఏడాదికి 30 డాలర్లు, చేయించకపోతే 60. లైసెన్సు లేకుండా దొరికితే జరిమానా 125, ఆపరేషన్ కానిదైతే 250. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ రెట్టింపే. "పాపం, చిన్నవాడు" అంటూ మేం ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చాం. తొలి ఏడాది 60 కట్టాక మా ఆవిడే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఎవరూ మాకు ఉపన్యాసం ఇవ్వలేదు.

అసలు ఉపయోగం తెలిసింది మాత్రం జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం రాత్రి. టపాకాయల మోతకు పండుగాడు వెనక కంచె కిందనుంచి దూరి పారిపోయాడు. మేం టార్చిలైట్లు పట్టుకుని వీధులన్నీ తిరుగుతున్నాం. పదకొండు దాటాక ఫోన్: "మీ పాండా దొరికింది." మా దగ్గర పాండా లేదండీ అనబోయి ఆగాను. రెండు వీధుల అవతల ఎవరో వాడి మెడలో లైసెన్సు బిళ్ల చూసి, దాని మీదున్న కౌంటీ నంబరుకు ఫోన్ చేశారట. అక్కడివాళ్లు బిళ్ల నంబరుతో మా వివరాలు తీసి మాకు చెప్పారు. వెళ్లేసరికి వాడు ఆ ఇంటి వంటగదిలో చికెన్ తింటున్నాడు. మనిషికి ఉండాల్సిన కంగారు వాడికి లేదు.

వాడికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ కూడా ఉంది. కానీ చిప్ చదవాలంటే స్కానర్ కావాలి, అర్ధరాత్రి దారినపోయేవాడి చేతిలో స్కానర్ ఉండదు. బిళ్లకైతే కళ్లు చాలు. ఎవరికీ దొరక్క జంతువుల సిబ్బందికే చిక్కినా, లైసెన్సున్నవాటిని మొదటిసారి ఉచితంగా ఇంటికే తెచ్చి దింపుతారు. మాకు ఆ అవసరం పడలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఏటా రెన్యూవల్ గుర్తుపెట్టుకోవాలి. మూడో ఏడు మర్చిపోయి ఆలస్య రుసుము కూడా కట్టాను, తప్పు నాదే. రాత్రిళ్లు ఆ బిళ్ల గిన్నెకు తగిలి టింగుటింగుమంటుంది, దానికి రబ్బరు చుట్టు కొనుక్కోండి. ఇంకో సంగతి, కట్టనివాళ్లు చాలామందే. నాకు తెలిసిన తెలుగిళ్లలోనే ముగ్గురున్నారు. కెంట్‌లోని కౌంటీ జంతువుల షెల్టరు నడవడానికి ఈ డబ్బు కూడా కావాలని చెబితే నవ్వేస్తారు. వాళ్లే పిల్లలకు పిల్లిపిల్ల కావాలని దత్తతకు అక్కడికే వెళ్తారు.

రేబిస్ టీకా సంగతి వేరు, అది రాష్ట్ర నిబంధన. ఇక్కడ ఆ జబ్బు ఉండేది గబ్బిలాల్లో. ఈ ముక్క చెబితే అమ్మ నమ్మలేదు. ఆవిడకు రేబిస్ అంటే వీధికుక్క, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఇప్పుడు చేతికే నాలుగైదు వేస్తారన్నా వినలేదు.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు మాత్రం రెన్యూవల్ కాగితం నా చేత మరీ చదివించుకుంది. 65 ఏళ్లు దాటినవాళ్ల కుక్కకు, ఆపరేషన్ అయ్యుంటే, 15 డాలర్లే అన్న చోట ఆపింది.

"మరి నా పేరు మీద తీసుకోవచ్చుగదరా?"