మురికి అంటని వడపోత పొర: కొన్ని వారాల వాడకం తరువాత

పాలిఈథర్ సల్ఫోన్‌తో చేసిన అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలను (నీటిని పోనిచ్చి ప్రొటీన్ల వంటి పెద్ద అణువులను ఆపే, అతిసన్నని రంధ్రాలున్న పొరలను) చాలాకాలంగా వాడుతున్నాను. వేడికీ, ఆమ్లక్షారాలకూ చక్కగా తట్టుకునే ఈ పాలిమర్‌కు నీటితో అంతగా పొత్తు కుదరదు. అందువల్ల ప్రొటీన్లున్న ద్రావణాన్ని వడకట్టినప్పుడు అవి పొర పైభాగానికీ, రంధ్రాల లోపలి గోడలకూ అతుక్కుపోయి, ప్రవాహం గంటల్లోనే పడిపోతుంది. ఈ బాధ తగ్గుతుందేమోనన్న ఆశతో, నీటిని ఆకర్షించే పొడవైన అణుగొలుసులను రసాయన బంధంతో ఉపరితలానికి అతికించిన పొరను తెప్పించి, మామూలు పొరతో పోల్చి చూశాను.

ముందుగా, కత్తిరించగా మిగిలిన ముక్కలను ఆరబెట్టి ఒక్కో నీటిచుక్క వేశాను. మామూలు పొర మీద చుక్క ఉబ్బెత్తుగా నిలబడింది. కొత్తదాని మీద అంచులు నెమ్మదిగా జారి, చుక్క పలచగా పరుచుకుని ఇంకిపోయింది. ఆ గొలుసులు నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి, ప్రొటీన్ అణువు అక్కడ అతుక్కోవాలంటే ముందు ఆ నీటిని తొలగించాలి, అందుకు శక్తి ఖర్చవుతుంది. ఈ పొర పనితనమంతా ఆ నీటి పూతలోనే ఉంది.

తరువాత, పీహెచ్‌ను 7.4 దగ్గర నిలిపే బఫర్‌లో లీటరుకు 1 గ్రాము బోవైన్ సీరం ఆల్బుమిన్ (ఆవు రక్తంలోని ఒక ప్రొటీన్) కలిపి రెండింటి గుండా పంపాను. మొదటి రోజు శుద్ధజల ప్రవాహంలో కొత్త పొర కొంచెం వెనకబడింది. అతికించిన గొలుసులు రంధ్రాలను కాస్త ఇరుకు చేస్తాయి కనుక దీన్ని లోపంగా లెక్కించను. పొరను తొలిరోజు వేగంతో కాక, కడిగిన తరువాత ఎంత వేగం తిరిగి వస్తుందన్న దానితో తూచాలన్నది నా గట్టి అభిప్రాయం. కొత్త పొర ఉత్త నీటితో కడగగానే పోయిన ప్రవాహంలో అధికభాగాన్ని తిరిగి ఇచ్చింది. పాతదానికి క్షారంతో కడిగితే గానీ ఊపిరి రాలేదు.

అయితే హైడ్రోఫిలిక్ (నీటిని ఇష్టపడేది) అని ముద్రించిన పొరలన్నీ ఒకటి కావు. పాలిమర్ ద్రావణంలో పాలీవినైల్‌పైరోలిడోన్ అనే నీటిని ఇష్టపడే మరో పాలిమర్‌ను కలిపి పొరగా పోయడం సులువైన పద్ధతే గాని, ఆ కలిపినదాంట్లో కొంత వాడకంలో కరిగిపోతుంది, మిగిలినదాన్ని శుభ్రపరచడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ క్రమంగా ముక్కలు చేస్తుంది. అందుకే కొత్త పొర గొలుసులు నిలుస్తాయో లేదో చూద్దామని దాని ముక్కను 200 పీపీఎం హైపోక్లోరైట్‌లో కొన్ని రోజులు నానబెట్టి, మళ్ళీ చుక్క వేశాను. మునుపటికన్నా ఆలస్యంగానైనా చుక్క పరుచుకుంది, ఇది నాకు నిజంగా సంతోషం కలిగించింది.

తయారీదారు తీరు మాత్రం నిరాశపరిచింది. అతికించిన గొలుసు ఏమిటో, వాడినన్నాళ్ళలో పొర మొత్తం మీద ఎంత క్లోరిన్‌కు తట్టుకుంటుందో కరపత్రంలో లేదు. రాసి అడిగితే అదే కరపత్రాన్ని తిరిగి పంపారు. కొనేవారు ఈ రెండు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు తీసుకున్న తరువాతే డబ్బు కట్టాలి.

ప్రొటీన్లు, హ్యూమిక్ పదార్థాలు (కుళ్ళిన మొక్కల నుంచి నీటిలో చేరేవి) ఉన్న ద్రవాలకు ఈ పొరను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కాల్షియం కార్బొనేట్ పొలుసు కట్టడమే మీ సమస్య అయితే ఆశించిన ఫలితం ఉండదు, ఎందుకంటే అది లవణాలు స్ఫటికాలుగా మారడం వల్ల వచ్చేది. వాడని రోజుల్లో పొరను తడిగానే భద్రపరచండి. ఒకసారి పూర్తిగా ఎండితే రంధ్రాలు కుంచించుకుపోయి, నానబెట్టినా మునుపటి ప్రవాహం రాకపోవచ్చు.