మోటార్‌హోమ్ కొంటున్నారా? ముందు మంచం పలక ఎత్తి వాల్వ్ చూడండి

నిన్న రాత్రే తిరిగొచ్చాం. మంచం, కుళాయిలు, హీటర్ ఉన్న ఇల్లులాంటి బండి మాది, అందులో పరుపు ఇంకా తడిగానే ఉంది. కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఈలోగా ఇంకెవరైనా ఇరుక్కుంటారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మినవాడి పేరు రాయను. సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్‌ల కోసం వెతుకుతున్నవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటాడు. ప్రతి ప్రకటనలోనూ ‘చలికాలానికి పూర్తిగా రెడీ’ అని రాసేది ఆయనే. ఆ ఒక్క మాట నమ్మి కొన్నాను. మంచు పడే రోజుల్లో పల్లె దారుల వెంట తిరగాలని మా ఇద్దరికీ ఏళ్లనాటి కోరిక. ఆ సంగతి ఆయనకి ముందే చెప్పుకున్నాం కూడా.

బండి అప్పగించిన రోజు ఆయన అన్న మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి. ‘హీటర్ ఆగిపోయినా మీకు టెన్షన్ అక్కర్లేదు సార్. బాయిలర్ దగ్గర 3 డిగ్రీలకు దిగిందంటే డ్రెయిన్ వాల్వ్ దానంతటదే తెరుచుకుంటుంది, నీళ్లన్నీ కిందికి పోతాయి.’ బాయిలర్ అంటే నీళ్లు వేడిచేసే ట్యాంకు, మా బండిలో అదీ దాని వాల్వూ మంచం కిందే ఉంటాయి. అలాంటి వాల్వ్ ఉండే మాట నిజమే. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, బయటికి పోయే దారి లేకపోతే బాయిలర్‌ని చీల్చేస్తాయి. అందుకే పెడతారు. బయల్దేరే ముందు మాన్యువల్‌లో కూడా చదివాను. అంత చదివినవాణ్ని, మంచం పలక ఎత్తి ఒక్కసారి కళ్లతో చూసుకోలేకపోయాను. ఆ తప్పు నాదే.

మొదటి రెండు రాత్రులు పెద్ద చలి లేదు, బాగానే గడిచాయి. మూడో రాత్రి పొలాల పక్కన ఆపుకున్నాం. బయట మైనస్ 9. రెండింటప్పుడు మెలకువ వచ్చేసరికి హీటర్ చప్పుడు లేదు, ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. గ్యాస్ అయిపోయిందేమోనని సిలిండర్ కదిపి చూస్తే లోపల ద్రవం గలగలమంటోంది. ఆయన పెట్టిచ్చింది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరవడం మానేస్తుంది, సిలిండర్ నిండా ఉన్నా హీటర్‌కి అందదు. చలికి ప్రొపేన్ కావాలి, దాని మరుగు స్థానం మైనస్ 42. చలికాలం బండి అని చెప్పి అమ్మేవాడికి ఈపాటి తెలియదంటే నేను నమ్మను.

ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. మా ఊపిరే కిటికీల లోపలివైపు మంచుపొరలా పేరుకుంది. పొద్దున్నే దగ్గర్లోని ఊళ్లో గది తీసుకుని, బండిని రెండు రాత్రులు అక్కడే వదిలేశాం. ‘మరి నీళ్లు?’ అని నా భార్య అడిగింది. ‘వాల్వ్ ఉందిగా, అదే చూసుకుంటుంది’ అన్నాను.

ప్రొపేన్ సిలిండర్ సంపాదించి తిరిగొచ్చి హీటర్ వెలిగించాను. కొన్ని గంటలకి లోపల వెచ్చబడింది. అప్పుడు మొదలైంది, మంచం కింద టప్ టప్‌మని చప్పుడు. పరుపు తీసి పలక ఎత్తితే నేలంతా నీళ్లు. బాయిలర్ అతుకు దగ్గర చీలిపోయి ఉంది. పక్కనే వాల్వ్. దాని మీద చిన్న బొడిపె ఉంటుంది, అది కదిలితేనే నీళ్లు వదులుతుంది. ఆ బొడిపె కదలకుండా బట్టలు ఆరేసుకునే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి ఉంది. పసుపు రంగుది, ఒక కొస విరిగింది, మీద దుమ్ము పట్టి ఉంది. అంటే నిన్నా మొన్నా పెట్టింది కాదు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. గ్యాస్ గురించి, హీటర్ గురించి ఏం చెప్పినా ‘అవునా, అలాగా’ అంటున్నాడు. క్లిప్పు మాట ఎత్తేసరికి ఒక్క క్షణం ఆగి, ‘అరె, అది మీరు తియ్యలేదా?’ అన్నాడు.

ఆయనకి తెలుసు! మొదటి నుంచీ తెలుసు.

‘చలిలో బండి చూపించేటప్పుడు వాల్వ్ తెరుచుకుని నీళ్లు పోతుంటాయి సార్, ప్రతిసారీ ఎవరు నింపుతారు? అందరూ పెట్టేదే. తీసుకున్నాక చూసుకోవాల్సింది మీరు’ అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. తడిసిన దుప్పటి పిండుతూ నా భార్య అన్నీ వింటోంది. ‘అయినా ఈ చలిలో ఆడవాళ్లని వెంటేసుకుని ఊళ్లు పట్టుకు తిరగమని ఎవరు చెప్పారు మీకు?’ అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

బాయిలర్ మొత్తం మార్చాలన్నాడు మెకానిక్. గడ్డకట్టి పగిలితే వారంటీ వర్తించదని మాన్యువల్‌లోనే ఉంది. నేల ప్లైవుడ్‌లోకి దిగిన నీరు ఎప్పటికి ఆరుతుందో తెలియదు. అదంతా ఎలాగోలా భరిస్తాను. వాల్వ్‌కి క్లిప్పు పెట్టిన మనిషి నా ఎదురుగా నిలబడి, అది దానంతటదే తెరుచుకుంటుందని ధైర్యం చెప్పాడే, అది మాత్రం మింగుడుపడటం లేదు.

కొనేవాళ్లు కనీసం ఇవి అడగండి. సిలిండర్ మీద ప్రొపేన్ అని ఉందో లేదో చదవండి. వాడిన నీళ్ల ట్యాంకు బండి కింద బయటికి ఉంటే దానికి హీటింగ్ ఉందేమో కనుక్కోండి. లిథియం బ్యాటరీ అయితే దానికీ ఇదే ప్రశ్న, మామూలు లిథియం సెల్స్‌ని సున్నాకి కింద ఛార్జ్ చెయ్యకూడదు. ‘చలికాలానికి రెడీ’ అనే మాటకి విలువ లేదు, కాగితాల్లో ఈఎన్ 1646 (ఇలాంటి బండ్లకి యూరప్‌లో పెట్టిన ప్రమాణం) గ్రేడ్ 3 అని ఉందా చూడండి. ఆ గ్రేడ్ రావాలంటే మైనస్ 15లో ఉంచిన బండి 4 గంటల్లో లోపల 20 డిగ్రీలకు వెచ్చబడాలి, కుళాయిల్లో నీళ్లు కూడా రావాలి.

ఇందాకే చూశాను, అదే మాటతో ఇంకో బండి అమ్మకానికి పెట్టాడు. దానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఇది చదువుతుంటే, తాళాలు పుచ్చుకోకముందే ఆయన చేతే మంచం పలక ఎత్తించండి.